చివరి పది నిమిషాలు: ప్రేమ నవలల ముగింపుని సినిమా ఎందుకు మారుస్తుంది?

ఈరోజు ప్రేమ నవలలు సినిమాలైనప్పుడు వాటి ముగింపులు ఎందుకు మారిపోతాయో మాట్లాడుకుందాం. ముందే ఒక మాట. కథల చివర్లన్నీ చెప్పేస్తాను. ‘ది నోట్‌బుక్’ చదవనివాళ్ళు, చూడనివాళ్ళు ఉంటే ఇక్కడ ఆపేసి తర్వాత రండి.

మనకి ఈ సంగతి కొత్తేం కాదు. 2010లో ‘ఏ మాయ చేసావే’ గుర్తుంది కదా. అది నవల కాదు గానీ ఉదాహరణకి బాగా పనికొస్తుంది. గౌతమ్ మీనన్ గారు ఒకే కథని తెలుగులో, తమిళంలో తీశారు. తెలుగులో కార్తీక్, జెస్సీ ఒక్కటయ్యారు. తమిళంలో కాలేదు. కథ ఒకటే. చూసేవాళ్ళు ఏం కోరుకుంటారన్న అంచనా వేరు, అంతే.

హాలీవుడ్ వాళ్ళు ఈ పని 1927లోనే చేశారు. టాల్‌స్టాయ్ ‘అన్నా కరెనినా’ని గ్రెటా గార్బోతో ‘లవ్’ అనే పేరుతో తీశారు. నవలలో అన్నా రైలు కింద పడి చనిపోతుంది. ఆ ముగింపూ తీశారు, భర్త పోయాక అన్నా మళ్ళీ వ్రోన్‌స్కీని కలుసుకునే ముగింపూ తీశారు. అమెరికాలో థియేటర్ వాళ్ళకి ఏది కావాలంటే అది వేసుకునే వీలిచ్చారు. హోటల్లో ఇడ్లీకి సాంబారా చట్నీయా అని అడిగినట్టు!

2005 ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ సంగతీ అంతే. బ్రిటన్లో సినిమా ఎలిజబెత్ వాళ్ళ నాన్న పెళ్ళికి ఒప్పుకోవడంతో అయిపోతుంది. అమెరికాలో పెళ్ళయ్యాక డార్సీ, ఎలిజబెత్ ముద్దు పెట్టుకునే సీన్ ఒకటి కలిపారు. జేన్ ఆస్టిన్ నవల చివర్లో ఆ ముద్దు లేదు. పెళ్ళి తర్వాత ఏ చుట్టం ఎలా ఉన్నారు, ఎవరు ఎవరింటికి వచ్చేవారు అని నింపాదిగా చెప్పి ముగిస్తుంది ఆవిడ.

ఇవన్నీ సరదాగా చెప్పుకోవచ్చు. ‘ది నోట్‌బుక్’ దగ్గర మాత్రం నాకు సరదా ఆగిపోతుంది. ఎందుకో చెప్తాను.

నికొలస్ స్పార్క్స్ నవల 1996లో వచ్చింది, సినిమా 2004లో. రెండింట్లోనూ ఒక ముసలాయన, నోవా, మరుపు జబ్బు వచ్చిన భార్య ఆలీకి రోజూ ఒక కథ చదివి వినిపిస్తుంటాడు. అది వాళ్ళ సొంత కథే. ఆవిడకి గుర్తుండదు. ఒక్కోరోజు మాత్రం కాసేపు గుర్తొస్తుంది.

సినిమా చివర్లో, ఆయన ఒక రాత్రి ఆవిడ గదికి వెళ్తాడు. ఆవిడ గుర్తుపడుతుంది. చేతులు పట్టుకుని పక్కపక్కనే పడుకుంటారు. పొద్దున్న నర్సు వచ్చి చూస్తే ఇద్దరూ పోయి ఉంటారు.

నవలలో ఎవరూ చనిపోరు. ఆయన పక్షవాతం నుంచి కాస్త కోలుకుని, పెళ్ళిరోజు రాత్రి దొంగచాటుగా ఆవిడ గదికి వెళ్తాడు. ఆవిడ కళ్ళు తెరుస్తుంది, దగ్గరకి తీసుకుంటుంది. నవల అక్కడ ఆగిపోతుంది. మర్నాడు ఆవిడకి ఈయన గుర్తుంటాడా? మనకి తెలియదు. ఆయనకీ తెలియదు.

మా అమ్మమ్మకి ఇదే జబ్బు. తాతయ్య రోజూ సాయంత్రం కాఫీ పట్టుకెళ్ళి ఇస్తే, “మీరెవరండీ?” అని మర్యాదగా అడిగేది. మొదట్లో ఆయన పేరు చెప్పేవారు. తర్వాత్తర్వాత, “పక్కింటివాణ్ణి లెండి, కాఫీ చల్లారిపోతుంది తాగండి” అనేవారు. యాభై ఏళ్ళు ‘ఏమే’ అని పిలిచిన మనిషిని ‘అండీ’ అనాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో ఒకసారి ఇంట్లో అందరం కలిసి ఆ సినిమా చూశాం. నేను పెట్టడమే తప్పేమో. చివరికి అందరం ఏడుస్తున్నాం. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, “ఇద్దరూ ఒకేసారి పోవడం ఎంత అదృష్టం నాన్నా” అంది. తాతయ్య వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి లేచి, “బాగానే తీశాడమ్మా. రేపు పొద్దున్న మీ అమ్మకి స్నానం చేయించే పని కూడా వాడే చూసుకుంటే బాగుణ్ణు” అని లోపలికి వెళ్ళిపోయారు.

నవల నేను ఆ తర్వాత చదివాను. చివరి పేజీ దగ్గర తాతయ్య మాటే గుర్తొచ్చింది. నవల ఆ ‘రేపు పొద్దున్న’ని ఉంచింది. సినిమా తీసేసింది.

ఎందుకు తీసేస్తారు? నవలలో మొదటి భాగం, చివరి భాగం నోవా తనే ‘నేను’ అంటూ చెప్తాడు. ఆ గొంతులో ఆశ ఉంది కాబట్టి కథ ఎక్కడ ఆగినా మనకి తోడుంటుంది. తెరకి ఆ గొంతు అంతగా దొరకదు, కళ్ళకి కనిపించే ముగింపు కావాలి. పైగా నవలని మనం నాలుగు రోజులు చదువుతాం, మధ్యలో మూసి ఆలోచిస్తాం. సినిమా రెండు గంటల్లో అయిపోవాలి, లైట్లు వెలిగేసరికి జనం మనసు కుదుటపడాలి. ప్రేమకథలో చావు కూడా ఒక్కోసారి సుఖాంతమే. ఇంక ఎవరూ ఎవరినీ మర్చిపోయే పని లేదు కదా.

జనం కూడా దానికే అలవాటు పడ్డారు. 2019లో బ్రిటన్ నెట్‌ఫ్లిక్స్‌లో ఆ చావు సీన్ లేని వెర్షన్ వచ్చింది. చెరువు మీద పక్షులు ఎగరడంతో అయిపోయింది. చూసినవాళ్ళు, మా ముగింపు ఏదీ అని గోల చేశారు. సినిమా కల్పించుకున్న ముగింపే వాళ్ళకి అసలు ముగింపు అయిపోయింది!

సినిమా తప్పు చేసిందని నేను అనను. ఆ రోజు మా అమ్మకి ఆ ముగింపు కావాలి, ఏడవడానికి ఒక సాకు దొరికింది. కానీ మంచం పక్కన కూర్చుని చాకిరీ చేస్తున్న మనిషికి నవల ముగింపే దగ్గరగా ఉంటుంది. అందుకే సినిమా చూసినవాళ్ళని పుస్తకం కూడా చదవమంటాను.

అమ్మమ్మ ముందు వెళ్ళిపోయింది. తాతయ్య ఇంకో నాలుగేళ్ళు ఉన్నారు. సాయంత్రం కాఫీ మాత్రం రెండు గ్లాసుల్లో పోయించుకునేవారు. ఆ నాలుగేళ్ళు నవలలోనూ లేవు, సినిమాలోనూ లేవు.

వచ్చేవారం ఇంకో పుస్తకంతో కలుద్దాం.