ఎన్‌1 గడప దగ్గర

జపనీస్‌లోనూ మన తెలుగులాగే క్రియ వాక్యం చివరనే వస్తుంది. అందుకే మనవాళ్లు మొదట్లో హుషారుగా సాగిపోతారు. కానీ జపనీస్ భాషా ప్రావీణ్యాన్ని కొలిచే జేఎల్‌పీటీ పరీక్షల్లో పై మెట్టు ఎన్‌1 దగ్గరికి వచ్చేసరికి తలప్రాణం తోకకొస్తుంది. దాదాపు 2,000 కంజీ అక్షరాలు గుర్తుపట్టాలి. పోనీ, ఒక్కోదానికి ఒకే పలుకా? ‘జీవం’ అనే అర్థమున్న అక్షరాన్నే చూడండి. గురువును పిలిచే ‘సెన్సే’లో అది ‘సే’, పుట్టినరోజు ‘తంజోబి’లో ‘జో’, పచ్చిగుడ్డు ‘నమ తమగో’లో ‘నమ’!

180 మార్కులకు 100 వస్తే పాసే. కానీ మూడు భాగాల్లో ఏ ఒక్కదాంట్లో 60కి 19 రాకపోయినా ఫెయిలే. వినే భాగంలో సంభాషణ ఒక్కసారే వినిపిస్తారు. ఆ క్షణాన దగ్గొచ్చిందా, ప్రశ్న పోయినట్టే. చిత్రమేమిటంటే, ఇంత పరీక్షలోనూ నోరు విప్పి మాట్లాడమనే ప్రశ్న ఒక్కటీ ఉండదు.