సర్క్యూట్ బోర్డునకు కాగితపు పరీక్ష



ఓరుగల్లునకు ఇంజనీరింగు విద్య క్రొత్తది కాదు. 1959లో జవహర్లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ యైనది. నేడు విద్యార్థులు ఇంటియందే సర్క్యూట్ బోర్డులు చేసికొనుచున్నారు. భాష చెప్పిన పంతులున కిందేమి పని యని మీరడుగవచ్చును. అర్థము తెలియక పదము ప్రయోగింపరాదని చిరకాలము చెప్పితిని. వస్తువును కొలువక దానికి చోటు గీయరాదనుటయు నట్టి మాటయే.

బోర్డనగా రాగిరేకు అంటించిన పలక. కంప్యూటరుపై గీసిన దారులను లేజరు ప్రింటరుతో నున్నని కాగితముపై అచ్చువేసి, ఇస్త్రీపెట్టెతో రాగిపై నొత్తుదురు. పిదప పలకను ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమున ముంచుదురు. నల్లని యచ్చు క్రింది రాగి నిలుచును, తక్కినది కరగిపోవును. కరగిన రాగి మరల రాదు. కావున దిద్దుబాటు కాగితముపైననే జరుగవలెను.

విడిభాగముల కాళ్లు నిలుచు చోటును విద్యార్థులు ఫుట్‌ప్రింటు అందురు. దానిని కంప్యూటరులోని పట్టికనుండి ఏరుకొందురు. ఆ పట్టిక కేవలము బొమ్మ. చేతిలోని వస్తువే ప్రమాణము. విడిభాగము కొన్న పిదపనే బొమ్మను స్థిరపరుపవలెను.

మొదటి పరీక్ష కొలత. బొమ్మను నూటికి నూరుపాళ్ల పరిమాణమున సాదా కాగితముపై అచ్చువేయుడు. ప్రింటరు పుటకు సరిపడునట్లు బొమ్మను కుదించుట కలదు. సాధారణమైన ఐ.సి.లో ప్రక్కప్రక్క కాళ్ల నడుమ దూరము 2.54 మిల్లీమీటర్లు. నలువది కాళ్ల ఐ.సి.లో ఒక వరుస మొదటి కాలినుండి చివరి కాలివరకు 48.26 మిల్లీమీటర్లు. బొమ్మ నూటికి మూడుపాళ్లు కుదిసినచో, చివరి కాలియొద్ద దాదాపు 1.45 మిల్లీమీటర్ల తేడా వచ్చును. అది రెండు కాళ్ల నడిమి దూరమున సగముకంటె నెక్కువ. కాగితమును థర్మోకోల్ ముక్కపై పరచి, ప్రతి విడిభాగమును దాని చోట గ్రుచ్చి చూడుడు. కాళ్లు సులభముగా దిగినచో కొలత సరియే. ప్రక్కనున్న కెపాసిటరు పొట్ట తగులునేమో కూడ అప్పుడే తెలియును.

చిన్న విడిభాగములలో సంఖ్యయే మోసము చేయును. 0603 అను పేరు అంగుళపు లెక్కలో 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 వెడల్పు గల వస్తువునకు చెల్లును. మిల్లీమీటరు లెక్కలో 0.6 పొడవు, 0.3 వెడల్పు గలదానికి చెల్లును. ఏ లెక్కయో తెలిసికొననిదే గీయరాదు.

రెండవ పరీక్ష క్రమము. దీనిని కాగితము పట్టుకొనలేదు, డేటాషీటు చదువవలసినదే. బి.సి. 547 ట్రాన్సిస్టరును చదునైన ముఖము మనవైపునకు, కాళ్లు క్రిందికి ఉండునట్లు పట్టుకొన్నచో, ఎడమనుండి కలెక్టరు, బేసు, ఎమిటరు. 2ఎన్ 3904లో ఎమిటరు, బేసు, కలెక్టరు. రూపమొక్కటే, వరుస తలక్రిందులు. 7805 రెగ్యులేటరు కాళ్లు ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్; అదే యాకారముగల ఎల్.ఎం. 317 కాళ్లు అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. ఒకదాని చోట మరియొకటి నిలిపినచో తక్కిన భాగములు కాలిపోవచ్చును. మన వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006లో విప్పినపుడు రాళ్లకు సంఖ్యలు వేసిరి; 2024లో అది మరల తెరువబడినది. కాళ్లకును సంఖ్యలు కలవు. ఐ.సి.ని గంటు పైకుండునట్లు పైనుండి చూచినచో, ఎడమవైపు మొదటిదే ఒకటవ కాలు. లెక్క గడియారపు ముల్లునకు ఎదురుదిశగా సాగును.

మూడవ పరీక్ష దిశ. ఇస్త్రీతో నొత్తిన బొమ్మ అద్దములోవలె త్రిప్పుకొనును. కావున రాగివైపు బొమ్మలో, రాగిపై సరిగా చదువబడునట్లు మన యూరి పేరు వ్రాసి యుంచుడు. ఒత్తెడి కాగితముపై ఆ పేరు తిరుగబడి కనబడినచో దిశ సరియే. కాగితముపై సరిగా కనబడినచో ఆగుడు.

విడిభాగములకై మన పిల్లలు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీవరకు పోవుదురు. పలక చెడిన, పోవునది పైకము మాత్రమే కాదు. కొలత తప్పినంత మాత్రమున తన తెలివియే తక్కువని తలచి, బాలుడు ఆ విద్యను విడిచిపెట్టును. నాకు దుఃఖము కలిగించునది ఇదియే. ఇంకొక మాట: చెడిన ప్రతి పలకయు ద్రావణములో మరికొంత రాగిని చేర్చును. రాగి చేపలకు విషము. మనది చెరువుల యూరు. వాడిన ద్రావణమును కాలువలో పోయరాదు. చేతులకు తొడుగులు లేక దానిని ముట్టరాదు.

బాలబాలికలారా! ఒక కాగితము, ఒక కొలబద్ద, అరగంట యోపిక ఇందులకు చాలును. ఇంటిలోని పెద్దలారా! పిల్లవాడు కాగితముపై విడిభాగములు గ్రుచ్చుచు కూర్చున్నచో కాలము వృథా చేయుచున్నాడని కసరకుడు. వాని పనిలో ముఖ్యమైన భాగమదియే.