చిన్న కారునకు రేపు ఉన్నదా?

సాయంకాలము ఆరు గంటలకు ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు ఎదుట నిలిచి చూచినచో, మన దేశపు కార్ల చరిత్రలో ముప్పాతిక భాగము కండ్ల ముందే కదలిపోవును. పాత ఆల్టో యొకటి చిరాగ్ అలీ లేనులోనికి సులువుగా మలుపు తిరుగును. దాని వెనుక వచ్చిన ఎత్తైన కొత్త బండి అదే మలుపులో ఒకమారు వెనుకకు జరిగి గాని సాగజాలదు. ఆటోల వారి హారనుల సంగతి శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. వీధి చిన్న కారును కోరుచున్నది. అంగడి పెద్ద కారును చూపుచున్నది. ఈ రెంటి నడుమ, దేశమున అమ్ముడగు పది కార్లలో సుమారు నాలుగింటిని అమ్ముచున్న మారుతి సుజుకీ సంస్థ ఏ బండిని నిలుపుకొనును, దేనిని విడుచును అనునది మనలో పలువురి ఇంటి జమాఖర్చులకు సంబంధించిన ప్రశ్న.

ఆ సంస్థ తొలి బండి, మారుతి 800, 1983 డిసెంబరులో రోడ్డెక్కినది. పొడవు 3.3 మీటర్లకు కొంచెము పైన. అంబాసిడరు కొరకో, ఫియట్ కొరకో పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియుండిన కుటుంబములకు అది వరమైనది. 2014 జనవరిలో దాని ఉత్పత్తి నిలిచినది. అదే యేడు మే నెలలో అంబాసిడరు కూడ కన్ను మూసినది. కాని హైదరాబాదునకు మాత్రము ఆ కబురు నాలుగేండ్లు ముందే చేరినది. 2010 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-4 పొగ నిబంధన పదమూడు నగరములలో అమలైనది. వానిలో మన నగర మొకటి. నాటితో 800 ఇచ్చటి దుకాణముల నుండి తొలగినది. జనము విసిగి విడిచిన బండి కాదది. నిబంధనకు తగినట్లు దానిని మార్చుటకగు ఖర్చును దాని ధర మోయజాలకపోయినది. ఒక మోడలు ఆయుస్సును కొనువాడొక్కడే నిర్ణయించడని ఇందువలన తెలియుచున్నది.

ఇప్పుడు ఆల్టో ఆ స్థితికి వచ్చినదా? 2017-18లో ఆల్టో ఒక్కటే రెండున్నర లక్షలకు పైగా అమ్ముడైనది. 2024-25లో ఆల్టో, ఎస్-ప్రెసో రెండును కలిసి సుమారు ఒకటింబావు లక్ష మాత్రమే. అదే యేడు దేశమున అమ్ముడైన ప్రయాణికుల వాహనములలో నూటికి అరువదియైదు ఎత్తైన యుటిలిటీ బండ్లు. చిన్న కారుపై మోజు తగ్గినదని కొందరందురు. నాకట్లు తోచదు. స్కూటరు నుండి కారునకు ఎక్కవలసిన మెట్టు ఎత్తైనది. గుమాస్తా జీతము అంత పెరుగలేదు.

2025 సెప్టెంబరు 22న ఆ మెట్టును ప్రభుత్వము కొంత తగ్గించినది. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజనును గల కార్లపై జీఎస్టీ నూటికి 28 నుండి 18కి దిగినది. పైనున్న సెస్సు కూడ పోయినది. అప్పుడు ఎస్-ప్రెసో ప్రారంభపు ధర, రిజిస్ట్రేషను, బీమా ఖర్చులు గాక, 3,49,900 రూపాయలైనది.

అయితే చౌక అన్నప్పుడు ప్రాణరక్షణ సంగతి అడుగక తప్పదు. ఇదే ఎస్-ప్రెసోకు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి ఢీకొను పరీక్షలో ఒక్క నక్షత్రమైనను రాలేదు. అదే సంస్థవారి కొత్త డిజైరు 2024లో ఐదు నక్షత్రములు తెచ్చుకొన్నది. అనగా చేతగాక కాదు, ధర కొరకు చేయలేదన్నమాట. 2025లో ఆల్టో కే-10కు ఆరు గాలిసంచులు అమర్చిరి, మంచిదే. కాని బండి చట్రమే నలిగిపోవునెడల సంచులు ఎంతవరకు కాపాడగలవు? పేదవాని కారు గనుక కొంత చూచీచూడనట్లు పోవలెనను వాదమును నేనంగీకరింపను.

2027 ఏప్రిల్ నుండి అమలు చేయనుద్దేశించిన ఇంధన పొదుపు నిబంధన మరియొకటి. దీని లెక్క కారు కారుకు కాదు. ఒక సంస్థ యేడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటుపై వేయుదురు. 2025 సెప్టెంబరు నాటి ముసాయిదాలో 909 కిలోలకు మించని చిన్న పెట్రోలు కార్లకు కొంత సడలింపు ప్రతిపాదింపగా, అది ఒక్క సంస్థకే మేలని పోటీదారులు కొందరు ఆక్షేపించిరి. సడలింపు ఉన్నను లేకున్నను, విద్యుత్ కార్లు అమ్మినకొలది సంస్థ సగటు తగ్గును.

మరి మారుతి వారి తొలి విద్యుత్ కారు ఎట్టిది? 2025 ఆగస్టు 26న గుజరాతులోని హన్సల్‌పూరు కర్మాగారము నుండి ఎగుమతికి బయలుదేరిన ఈ-విటారా పొడవు 4.27 మీటర్లు, 800 కంటె దాదాపు ఒక మీటరు ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో, విద్యుత్ వాహనములకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను మినహాయించినది. పన్ను సరే, ప్లగ్గు ఎక్కడ? నాంపల్లి స్టేషను రోడ్డు వెనుక రెండవ అంతస్తులో అద్దెకున్నవాడు కిటికీ నుండి తీగ వ్రేలాడదీయవలెనా? టాటా వారు టియాగోను, ఎంజీ వారు మూడు మీటర్ల లోపు కామెట్‌ను విద్యుత్తుతో నడుపుచుండగా, చిన్న కార్లకు పుట్టినిల్లయిన సంస్థ పెద్ద బండితో మొదలుపెట్టుట నాకు వింతగా నున్నది.

వేగన్-ఆర్‌నకు భయము లేదనుకొందును. ఎత్తుగా నుండుటచే పెద్దలు నడుము వంచకుండ ఎక్కుదురు, 3.65 మీటర్లలో ఇమిడిపోవును, సీఎన్‌జీతోను నడచును. సిలిండరు డిక్కీని మ్రింగివేయుటయే లోపము. ఆల్టో, ఎస్-ప్రెసోలలో ఒకటే మిగులునని నా ఊహ. 2031 మార్చిలోగా ఇండియాకు నాలుగు విద్యుత్ కార్లు తెత్తుమని సుజుకీ వారు 2025 ఫిబ్రవరిలో ప్రకటించిరి. వానిలో ఒక్కటైనను నాలుగు మీటర్ల లోపున నుండినగాని చిరాగ్ అలీ లేను వారికి దానితో పనిలేదు. వారికి నాంపల్లి మెట్రో స్టేషను నడక దూరములోనే యున్నది.