వడ్లు మనయి, తవుడు ఎవరిది?



నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. మరి మన పంట మీద మనకు పెత్తనం వచ్చిందా? సర్కారు కొన్న క్వింటాలు వడ్లకు మిల్లరు 67 కిలోల పచ్చిబియ్యం అప్పజెప్తే చాలు. తవుడు, పొట్టు ఆయనకే. నూనె పిండిన ఆ తవుడే దాణా బస్తాలల్ల చేరి, రేటు కట్టుకొని మన వాకిట్లకొస్తది. కోళ్ల సాదుడు ఖర్చుల మూడింట రెండొంతులు దాణాదే. ఇంక చిన్న రైతుకు మిగిలేదేంది?

రాజేంద్రనగర్ల పుట్టిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు పెరట్ల తిరిగి బతికేటియి. వాటికి మన నూకలు, మక్క నూక, తవుడు, కంది పరం కలిపి పెడదాం. వట్టి నూకలతోటి గుడ్డు రాదు. చెదలు, మునగాకు, గుల్లల పొడి కూడ కావాలె. తవుడు తాజాగనే వాడాలె, నిల్వుంటే ముక్కిపోతది. బూజు పట్టిన పల్లిచెక్క ముట్టొద్దు, అది కోడి కాలేయానికి విషం.

అందుకే మనం అడుగుతున్నం: ఊరూరి మహిళా సంఘానికి ఒక దాణా గిర్ని, మిల్లు తవుడుల వాటా. ఇది బిచ్చం కాదు, పండించినోళ్ల హక్కు!

జై తెలంగాణ!