మన పుస్తకం పేరు మనం చెప్పుకోవద్దూ?



మా మౌలాలి గుట్ట ఎక్కి దర్గా చూసి వెళ్ళినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. కాని గుట్ట కింద ఒక కవయిత్రి సమాధి ఉందని ఎంతమందికి తెలుసు? ఆవిడ మహలఖా బాయి చందా. 1768లో పుట్టి 1824లో కన్నుమూశారు. ఉర్దూలో గజళ్ళు వ్రాసి, వాటిని దీవాన్‌గా కూర్చిన తొలి స్త్రీలలో ఒకరు. ఆవిడ వ్రాసినవి పెట్టెలో దాచుకోలేదు. నలుగురి ఎదుటా చదివారు, పాడారు. 1799లో తన దీవాన్ ప్రతిని జాన్ మాల్కమ్ అనే బ్రిటిష్ అధికారికి బహూకరించారు. ఆ ప్రతి లండనులోని బ్రిటిష్ లైబ్రరీకి చేరింది. రేడియో లేని ఆ రోజుల్లో ఆవిడ గొంతే ఆవిడకు రేడియో!

మరి మనమో? ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బుతో ఒక పుస్తకం అచ్చు వేయించుకుంటాం. బంధువులకు పంచగా మిగిలినవి అటకెక్కుతాయి. ఎవరైనా అడిగితే, "ఏదో తోచక వ్రాశానండీ" అని చేతులు నలుపుకుంటాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. చెప్పందే చదివేవాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది?

నా సంగతే చెబుతాను, నవ్వకండి. నా మొదటి కథల పుస్తకం వచ్చినప్పుడు రేడియోలో ఇంటర్వ్యూకి పిలిచారు. పది నిమిషాలు మాట్లాడాను. మా నాన్నగారి ప్రోత్సాహం, మావారి సహకారం, చిన్ననాటి బడి, అన్నీ చెప్పాను. ప్రసారమైన మర్నాడు పక్కింటి వదినగారు గోడ మీదుగా, "ఎంత చక్కగా మాట్లాడారు వదినగారూ! ఇంతకీ మీ పుస్తకం పేరేమిటి?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. పది నిమిషాల్లో పేరు ఒక్కసారైనా చెప్పలేదు! కథల గురించి అడిగితే, "ఏముంది లెండి, ఇంటి కథలే" అని దాటేశాను. తప్పు నాదే. అది వినయం అనుకున్నాను. కాదు, ఉత్త బిడియం. ఆ బిడియం వల్ల నష్టపోయింది నేనొక్కదాన్నే కాదు, ఆ కథల్లో నేను చెప్పదలచుకున్న ఆడవాళ్ళు కూడా.

అప్పటినుంచి నేర్చుకున్నవి నాలుగు మాటలు మీతో చెబుతాను.

మొదటిది, పిలుపు కోసం కూర్చోకండి. పుస్తకం ప్రతి ఒకటి, ఒక పేజీ ఉత్తరం జతచేసి రేడియో కేంద్రానికి పంపండి. "నా పుస్తకం గొప్పది" అని కాదు, "ఈ విషయం మీద మీ శ్రోతలకు ఇది చెప్పగలను" అని వ్రాయండి. మార్చి 8 మహిళా దినోత్సవం, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం లాంటి సందర్భాలకు మీ విషయం కుదిరితే, రెండు మూడు నెలల ముందే వ్రాయాలి. ఇంటర్వ్యూ చేసేవారికి పుస్తకమంతా చదివే తీరిక ఉండకపోవచ్చు. అయిదారు ప్రశ్నలు మీరే వ్రాసి ఇస్తే వారికీ సాయం, మీకూ ధైర్యం.

రెండవది, వినేవారిని తలుచుకోండి. ఆవిడ పోపు వేస్తూ వింటుంది. పిల్లవాడికి జడుపు చెబుతూ సగం వింటుంది. పేజీ వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు. అంచేత పుస్తకం పేరు మొదట ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి చెప్పాలి. ధర, దొరికే చోటు చెబితే ప్రకటన అవుతుందని ఒప్పుకోకపోవచ్చు. ముందే అడిగి తెలుసుకోండి.

మూడవది, పుస్తకాన్ని పొగడకండి, అందులోంచి ఒక ముద్ద తీసి పెట్టండి. ఊరగాయల పుస్తకమైతే ఆవకాయకు బూజు పట్టకుండా ఒక చిట్కా చెప్పండి. నవల అయితే కథానాయిక ఏ చిక్కులో పడిందో చెప్పి, ఆపేయండి. రుచి తెలిసినవాళ్ళు మిగతాది వెతుక్కుంటూ వస్తారు.

నాలుగవది, స్టూడియో మర్యాదలు. గాజులు తీసి సంచిలో వేసుకోండి. మైకు ముందు గాజుల గలగల కథను మింగేస్తుంది. గరగరలాడే పట్టుచీరా వద్దు. కాగితాలకు ఒక పక్కే వ్రాసుకోండి, పిన్ను పెట్టకండి, తిప్పేటప్పుడు చప్పుడవుతుంది. గొంతు తడారితే ఒక గుక్క మంచినీళ్ళు తాగండి.

"నాకు పుస్తక భాష రాదే, మైకు ముందు ఎలా?" అంటారా? జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008లో సంఘం రేడియో మొదలయింది. దాన్ని నడిపింది పొలం పనులు చేసుకునే దళిత మహిళలు. తమ విత్తనాల గురించి, పంటల గురించి, పండుగల గురించి తమ యాసలోనే మాట్లాడారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి వాళ్ళను చూసిపోయారు. ఇంట్లో మాట్లాడే మాట మైకు ముందు చెల్లదని మనకెవరు చెప్పారు?

ఇప్పుడు రేడియో సెల్‌ఫోనులోనూ పలుకుతోంది. ప్రసారమయ్యే రోజు, వేళ తెలియగానే అక్కచెల్లెళ్ళకు, పరదేశంలో ఉన్న అమ్మాయికి కబురు పెట్టండి. అలా చెప్పుకోవడం గొప్పలకు పోవడం కాదు. పండిన జామకాయల్ని చెట్టున ఎండబెట్టుకోకుండా నాలుగిళ్ళకు పంచడం లాంటిది.

మొన్న గుట్ట కింద మహలఖా బాయి సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాను. రెండువందల ఏళ్ళు దాటినా ఆవిడ పేరు మనకు తెలుసంటే, ఆవిడ తన మాటను తానే నలుగురిలోకి తెచ్చుకున్నందువల్ల కదూ! ఇంటికి వచ్చి అటక మీది కట్ట దింపి, దుమ్ము దులిపాను. మీరూ దింపండి. ఈసారి మైకు ముందు కూర్చున్నప్పుడు, మీ పుస్తకం పేరు మీ నోటితో, నిండుగా చెప్పండి.



(మహిళల కార్యక్రమంలోని ప్రసంగం)