బడి మూసిన 49 రోజులు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శి గారు ఎలాగూ మాట్లాడతారు. నేను వేసవి సెలవుల గురించి మాట్లాడదలిచాను.

మాది కనిగిరి వైపు మెట్ట పల్లె. 1963 ప్రాంతంలో నేను ఐదవ తరగతి, మా చెల్లెలు రెండవ తరగతి. బడిలో కేర్ సంస్థ వారి మొక్కజొన్న రవ్వ ఉప్మా, పాలపొడి కలిపిన పాలు ఇచ్చేవారు. ఇంట్లో మధ్యాహ్నం పొయ్యి వెలిగేది కాదు గనుక మాకదే భోజనం. సెలవులిచ్చిన రోజు పిల్లలంతా కేకలు వేస్తూ పరుగెత్తేవారు. మేమిద్దరం మాత్రం నెమ్మదిగా నడిచి ఇంటికి వచ్చేవాళ్ళం.

అమ్మ కూలికి పోతూ ఇద్దరికీ కలిపి చెంబుడు జొన్న అంబలి ఉంచి వెళ్ళేది. ఒకనాడు చెల్లెలు బయట ఆడుకుంటుండగా నేను సగానికి పైగా తాగేసి, తెలియకుండా నీళ్ళు పోసి చెంబు నింపాను. అది వచ్చి తాగింది, ఏమీ అనలేదు. 2010లో నా పదవీ విరమణ సన్మానం నాడు, శాలువా కప్పాక, దగ్గరకు వచ్చి చెవిలో అడిగింది: "ఏం అన్నయ్యా, ఆనాడు అంబలిలో నీళ్ళెన్ని పోశావు?" నవ్వాను గాని, ఆ పూట విందు నాకు సహించలేదు.

ఇప్పుడు ఆ రోజులు కావు, నిజమే. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట, మన రాష్ట్రంలో 2003 నుంచి బడిలో వేడిగా వండి పెడుతున్నారు. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పెట్టాలని అదే కోర్టు 2004లో చెప్పింది. కరవు ప్రకటించని ఊళ్ళో మాత్రం బడికి తాళం పడితే భోజనానికీ తాళమే. 2025లో సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు.

గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది, లెక్క కట్టాను. నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 5 గ్రాముల నూనె, 50 గ్రాముల కూరగాయలు. 49 రోజులకు బియ్యం 5 కిలోలు నిండవు, పప్పు కిలో నిండదు, నూనె పావుకిలో నిండదు. ఇంతేనండీ! మన మెడికల్ బిల్లుల జిరాక్సులకు ఇంతకన్నా ఎక్కువే అవుతున్నట్టుంది.

దానమనగానే మనవాళ్ళు బియ్యం బస్తా అంటారు. రేషన్ కార్డు ఉన్న ఇంటికి మనిషికి 5 కిలోల బియ్యం ఎలాగూ వస్తున్నాయి. కొరతంతా పప్పు దగ్గర, నూనె దగ్గర, గుడ్డు దగ్గర. పైగా తల్లి పనికి పోతే వండిపెట్టే దిక్కెవరు?

అందుచేత సరుకులు పంచి చేతులు దులుపుకోవద్దు. బడిలో వండే ఆడవాళ్ళ చేతనే రోజూ ఒక పూట వండిద్దాం. కేంద్ర నిబంధన ప్రకారం వారికి గౌరవ వేతనం ఏడాదికి 10 నెలలకే లెక్క. సెలవుల్లో వారి ఇంటి పొయ్యీ అంతంతమాత్రమే. ఈ ఏటికి ఒక్క బడి చాలు. ఏ పిల్లలకు అవసరమో ప్రధానోపాధ్యాయులకు తెలుసు, మనం ఇల్లిల్లూ తిరిగి ఆరా తీయనక్కరలేదు. పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటోలు తీయడం మాత్రం వద్దని చేతులు జోడించి కోరుతున్నాను. పళ్ళెం పట్టుకుని నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇచ్చిన ప్రతి రూపాయికీ కోశాధికారి గారు రసీదు ఇస్తారు, ఖర్చు నోటీసు బోర్డు మీద పెడతారు. ఏప్రిల్ మొదటి వారంలో పెన్షన్ పడగానే పేర్లు ఇవ్వండి. నా పద్దులో ఇద్దరు పిల్లలను రాసుకోమన్నాను. ఒకరిని మా చెల్లెలి పేరున.

సెలవు.