రాయిగా మారిన చెట్టు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశమున ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)



పాఠశాల చరిత్రను గురించి మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘం వారు నన్ను కోరారు. ఆ చరిత్రను నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలోనే ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. కనుక ఆ బాధ్యతను వారికి విడిచి, ఏటేటా మేము బోధించే ఒక చిన్న పాఠాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. పదార్థముల భౌతిక ధర్మాలు, భౌతిక మార్పులు, రసాయనిక మార్పులు అనే పాఠం అది. మీరంతా చదివినదే, చాలామందికి ఒక్క వాక్యం మాత్రం కంఠస్థమై ఉంటుంది: “తిరిగి పూర్వస్థితికి వచ్చునది భౌతిక మార్పు, రానిది రసాయనిక మార్పు.”

ఆ వాక్యం పరీక్షలో మార్కులు తెచ్చి ఉండవచ్చు గాని, అది నిజం కాదు. మన ఆలపల్లి టేకునే తీసుకోండి. దుంగను కోసి పలక చేస్తాము. రంపపు పొట్టు కింద రాలుతుంది. ఆ పొట్టును మళ్ళీ దుంగగా చేయగల వడ్రంగి ఈ భూమి మీద లేడు. అయినా అది భౌతిక మార్పే. పొట్టులో ఉన్నది టేకే, వేరొకటి కాదు. మరొక వైపు, మోటారు వాహనపు బ్యాటరీలో జరిగేది రసాయనిక చర్య. ఛార్జి చేసినప్పుడు అది వెనుకకు మళ్ళుతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న “తిరిగి వస్తుందా?” అని కాదు. “కొత్త పదార్థం పుట్టిందా?” అని.

పదార్థాన్ని మార్చకుండా మనం చూడగల, కొలవగల లక్షణాలే భౌతిక ధర్మాలు: రంగు, వాసన, కాఠిన్యం, సాంద్రత, కరిగే ఉష్ణోగ్రత, మరిగే ఉష్ణోగ్రత వంటివి. కాలుతుందా, తుప్పుపడుతుందా, ఆమ్లంతో పొంగుతుందా అనేవి రసాయనిక ధర్మాలు. వాటిని తెలుసుకోవాలంటే పదార్థాన్ని మార్చక తప్పదు. సూర్జాగఢ్ కొండల నుండి ఆలపల్లి మీదుగా పోయే లారీల దుమ్ము మన ఇళ్ళ గోడలకు ఎర్రగా అంటుతున్నది కదా, ఆ ఎరుపు హెమటైట్ అనే ఖనిజపు భౌతిక ధర్మం. దానిని ఎంత మెత్తగా నూరినా అది హెమటైట్‌గానే ఉంటుంది. కొలిమిలో బొగ్గుతో కలిపి కాల్చి, అందులోని ఆక్సిజన్‌ను తొలగించినప్పుడు మాత్రమే ఇనుము వస్తుంది. అది రసాయనిక మార్పు. ఆ ఇనుముతో చేసిన గొడ్డలిని వానలో వదిలివేస్తే గాలిని, నీటిని గ్రహించి మళ్ళీ ఎర్రని ఆక్సైడ్ వైపే మరలిపోతుంది, కొంత బరువు కూడ పెరుగుతుంది.

ఇప్పపువ్వును గురించి చెబితే మా పిల్లలకు మరింత సులువుగా బోధపడుతుంది. ఎండాకాలం ఆరంభంలో తెల్లవారుజామున ఏరి తెచ్చిన పువ్వును ఆరబోస్తాము. నీరు ఆవిరైపోతుంది, ఇది భౌతిక మార్పు. అయితే లేత పసుపు పువ్వు క్రమంగా గోధుమరంగుకు తిరుగుతుంది చూడండి, అక్కడ లోలోపల రసాయనిక చర్యలు కూడ సాగుతున్నవి. దానినే నీటిలో నానబెట్టితే సూక్ష్మజీవులు అందులోని చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తాయి. ఆ పైన కాచి వడపట్టుట మళ్ళీ భౌతికమే. ఆల్కహాలు 78 డిగ్రీల వద్ద, నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతాయన్న తేడా మీద ఆధారపడిన పని. 1993 నుండి మద్యనిషేధం అమలులో ఉన్న జిల్లా మనది కనుక, ఈ ఉదాహరణను ప్రయోగశాల గుమ్మం దాటి లోనికి రానివ్వను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పాఠం ముగిసిన రోజున ఒక విద్యార్థిని లేచి ఇలా అడిగింది: “మేడమ్, సిరొంచ దగ్గర వడధంలో చెట్లు రాళ్ళయ్యాయి కదా. అది ఏ మార్పు?” తరగతి అంతా నవ్వింది గాని, ప్రశ్న నవ్వదగినది కాదు. భౌతిక మార్పులో ఆకారం మారుతుంది, పదార్థం నిలుస్తుంది. వడధంలో దానికి పూర్తిగా విరుద్ధం. ఆకారం నిలిచింది, పదార్థం మారింది. కర్ర చార, బెరడు మడత కనబడుతూనే ఉన్నాయి, ముట్టుకుంటే రాయి.

ఇది ఎట్లా జరిగిందో కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. కూలిన చెట్టు బురదలో, ఇసుకలో త్వరగా కప్పబడిపోయింది. గాలి తగలనందున అది కుళ్ళుట మందగించింది. భూగర్భజలం సిలికాను కరిగించుకొని కర్ర కణాలలోనికి ప్రవేశించింది. చక్కెర నీటిలో కరిగినట్టు కాదు ఇది. సిలికా నీటితో సంయోగం చెంది సిలిసిక్ ఆమ్లమవుతుంది, కనుక రసాయనిక చర్యే. ఆ సిలికా కణాల గోడల మీద పొరలు పొరలుగా దిగి, మొదట నీటిని పట్టి ఉంచుకొన్న రూపంలో నిలిచి, కాలక్రమంలో స్ఫటికీకరణం చెంది క్వార్ట్జ్ అయినది. కర్రలోని సెల్యులోజ్, లిగ్నిన్ మెల్లమెల్లగా క్షీణించాయి. కొన్ని మెట్లు భౌతికం, కొన్ని రసాయనికం. మొత్తం మీద కొత్త పదార్థం ఏర్పడినది కనుక రసాయనిక మార్పనే చెప్పాలి. అయితే ఒక్క హెచ్చరిక. కర్ర సిలికాగా మారలేదు. కార్బన్ సిలికాన్ కాజాలదు. ఒకటి తొలగుతుండగా మరొకటి వచ్చి దాని చోటును ఆక్రమించింది.

దీనికి భౌతిక ధర్మాలే సాక్ష్యం. ఎండిన టేకు నూరు ఘనసెంటీమీటర్లు సుమారు 65 గ్రాములు తూగుతుంది, నీటిపై తేలుతుంది. అంతే పరిమాణం గల క్వార్ట్జ్ 265 గ్రాములు, అంటే నాలుగు రెట్లు. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త రూపొందించిన కాఠిన్య క్రమంలో క్వార్ట్జ్‌ది ఏడవ స్థానం, గాజును గీస్తుంది. టేకు మీద గోటితో గీత పెట్టవచ్చు. ఒకటి పొయ్యిలో మండుతుంది, రెండవది మండదు.

ఆ నేల ఎంత పురాతనమో కూడ పిల్లలకు తెలియాలి. ప్రాణహిత ఒడ్డున సిరొంచకు ఎగువన ఉన్న చిన్న కోట గ్రామం పేరిటనే ఆ శిలల వరుసను భూగర్భ శాస్త్రజ్ఞులు ‘కోట శిలాసమూహం’ అంటారు. సుమారు 18 కోట్ల సంవత్సరాల నాటిది. సిరొంచ తాలూకా పోచంపల్లి వద్ద 1958–61 మధ్య తవ్వి తీసిన ఎముకలకు, రవీంద్రుని శతజయంతి స్మృతిగా, 1975లో బరాపసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది. నదికి ఆవలి ఒడ్డున యామనపల్లిలో లభించిన మరొక జంతువుకు 1988లో కోటసారస్ అని మన కోట పేరే వచ్చింది; అది హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలిచి ఉన్నది. వాటిని చూడటానికి ఊళ్ళు దాటి వెళ్ళే మనం వడధంకు ఎన్నిసార్లు వెళ్ళాము?

తల్లిదండ్రులకు ఒక విన్నపం. అక్కడి రాతిముక్కలను జ్ఞాపికలుగా ఇంటికి తేవద్దు, పిల్లలను తేనివ్వవద్దు. తాకి చూసి, అక్కడే ఉంచి రండి. గాజును గీచే పరీక్షకు ప్రాణహిత ఒడ్డున దొరికే తెల్లని గులకరాయి చాలు, అదీ క్వార్ట్జే. సహోపాధ్యాయులకు మరొకటి. ఆ విద్యార్థిని వంటి పిల్ల పరీక్షలో “కొంత భౌతికం, కొంత రసాయనికం” అని కారణం చూపి వ్రాస్తే, కంఠస్థ వాక్యం లేదని మార్కు తగ్గించవద్దు. మన పిల్లలు పైచదువులకు మరాఠీలోనికి వెళతారు. అక్కడా ‘భౌతిక్’, ‘రాసాయనిక్’ అన్న మాటలే ఎదురవుతాయి. తెలుగులో అర్థమైన విషయం అక్కడ మళ్ళీ మొదటి నుండి నేర్చుకొనవలసిన పని లేదు.

చివరగా ఉత్సవ సంఘం వారికి. విరాళాలలో మిగిలిన సొమ్ముతో పాఠశాల ముందు సిమెంటు తోరణం కట్టించాలని ఆలోచన ఉన్నట్టు విన్నాను. సిమెంటు గట్టిపడుట మంచి పాఠమే. అది ఆరిపోవుట కాదు, నీటితో జరిగే రసాయనిక చర్య, అందుకే మేస్త్రీలు రోజుల తరబడి తడుపుతారు. ఆ పాఠం ఊరిలో కట్టే ఏ ఇంటి దగ్గరైనా చెప్పుకోవచ్చును. ఆ సొమ్మును బ్యాంకులో ఉంచి, దాని వడ్డీతో ఏటా ఎనిమిదవ తరగతి పిల్లలను వడధంకు తీసుకుపోయే బస్సు ఖర్చు భరించమని నా ప్రార్థన. మొదటి ప్రయాణం ఈ చలికాలంలోనే పెట్టుకుందాము. వెంట వచ్చుటకు ఇద్దరు ఉపాధ్యాయులు ఇప్పటికే ఒప్పుకున్నారు. సెలవు.